పేస్లిప్ మీద ఎవరి పేరు?

మెము రైలు తడలో నిలబడేది కాసేపే. ఆ కాస్తలోనే పెట్టెలు సగం ఖాళీ అవుతాయి. తోసుకుంటూ నువ్వూ దిగుతావు. చంకలో ప్లాస్టిక్ ఫైలు, అందులో టెన్త్ మెమో, డిప్లొమా మార్కుల లిస్టు, నాలుగైదు ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. తూర్పున పులికాట్ మీదుగా వచ్చే గాలికి ఫైలు మూత టపటప కొట్టుకుంటోంది. నీ ముందు నడిచే అమ్మాయిల మెళ్లో ఐడీ కార్డులు ఊగుతున్నాయి. ఒకరిది నీలం తాడు, ఇంకొకరిది పచ్చది, మరొకరిది నారింజ రంగు. అందరూ ఒకే కంపెనీ బస్సు వైపు పోతున్నారు గదా, తాళ్లు ఎందుకు వేరని నీకు ఇప్పుడే తట్టదు. మధ్యాహ్నానికల్లా తెలిసొస్తుంది.

స్టేషన్ బయట సగం తెలుగు, సగం అరవం. దక్షిణాన వచ్చే తర్వాతి స్టేషన్ ఆరంబాకం, అది తమిళనాడు. ఒకప్పుడు తడ పేరు చెబితే బీవీపాలెం చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన లారీలు గుర్తొచ్చేవి, లేదంటే ఉబ్బలమడుగు జలపాతానికి పోయే మద్రాసు కుర్రకారు. 2008లో శ్రీసిటీ మొదలయ్యాక, ఇటు మాంబట్టులో షూ కంపెనీ వేలమందిని పనిలో పెట్టుకున్నాక, ఈ ఊరు ఉద్యోగానికి వచ్చేవాళ్లు దిగే ఊరైపోయింది. 2022 ఏప్రిల్‌లో మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. జనం నోట్లో మాత్రం ఇంకా నెల్లూరే.

హైవే ఎక్కే మలుపులో కరెంటు స్తంభం ఉంది. స్తంభం అనడమేగానీ సిమెంటు కనిపించదు, నిలువెత్తునా కాగితాలే. కిందవి వానకు నాని చీకిపోయాయి, పైవి నిన్న రాత్రి అంటించినవి, మైదా జిగురు ఇంకా ఆరలేదు. ఒకటి చదువు:

"శ్రీసిటీ కంపెనీలో ఉద్యోగాలు! ఉద్యోగాలు!! టెన్త్, ఇంటర్, ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, పాస్ లేదా ఫెయిల్. ఆడ, మగ, వయసు 18 నుంచి 32. జీతం 15,000 నుంచి 19,000. భోజనం, రూమ్, బస్సు ఫ్రీ. ఇంటర్వ్యూ లేదు, డైరెక్ట్ జాయినింగ్. కొన్ని ఖాళీలు మాత్రమే." కింద ఒక సెల్ నంబరు. పక్కనే ఇదే కాగితం తమిళంలో, అదే నంబరుతో.

ఇంకోసారి, నిదానంగా చదువు. ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ దొరక్కపోవచ్చు. శ్రీసిటీ నిజం, అక్కడ ఉద్యోగాలున్న మాటా నిజమే. కానీ శ్రీసిటీ కంపెనీ కాదు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో వేల ఎకరాల మీద పరుచుకున్న పారిశ్రామిక నగరం. కార్లు చేసే ఇసుజు, చాక్లెట్లు చేసే మాండలీజ్, మెట్రో రైలు పెట్టెలు చేసే ఆల్‌స్టామ్, ఏసీలు చేసే డైకిన్, ఇంకా ఎన్నో దాని లోపల ఉన్నాయి. "శ్రీసిటీ కంపెనీలో ఉద్యోగం" అన్న మాట "చెన్నైలో ఉద్యోగం" అన్న దానికంటే ఎక్కువేం చెప్పదు. పేరు ఉండాల్సిన చోట ఊరు పెట్టి ఊరుకున్నారు.

19,000 కూడా అంతే. ఎవరో ఒకరికి ఏదో ఒక నెలలో వచ్చే ఉంటుంది. అది మొదటి నెల నీకు వస్తుందని కాగితం ఎక్కడా అనలేదు, నువ్వే అనుకున్నావు. ఇక "పాస్ లేదా ఫెయిల్" దగ్గర కాస్త ఆగు. మూడేళ్లు డిప్లొమా చదివినవాడికీ టెన్త్ తప్పినవాడికీ ఒకే లైనులో ఒకే జీతం రాశారంటే, అడుగుతున్నది చదువును కాదు, రెండు చేతుల్ని. అందులో తప్పులేదు. అలాంటి పనికీ మనుషులు కావాలి. కాకపోతే డిప్లొమా అన్న మాట ఆ కాగితం మీద నీ కోసం అలంకారంగా వేసిందని గుర్తుపెట్టుకో.

నంబరుకి ఫోన్ చేస్తావు. రెండో రింగుకే ఎత్తుతారు. ఇంత తొందరగా ఫోన్ ఎత్తే కంపెనీ హెచ్ఆర్ ఎక్కడా ఉండరు, ఆ ముక్క మటుకు నవ్వుకుంటూనే చెబుతున్నా.

రమ్మన్న ఆఫీసు మెడికల్ షాపు మీద, మొదటి అంతస్తులో. ఇరుకు మెట్లు, గోడకు పాన్ మరకలు. లోపల రెండు టేబుళ్లు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పెద్ద పెద్ద కంపెనీల లోగోలు కలర్ ప్రింటు తీసి అంటించారు. లోగో ప్రింటు తీయడానికి పదిరూపాయలు చాలు, ఆ కంపెనీకి తెలియాల్సిన పనిలేదు. కుర్చీల్లో నీలాంటివాళ్లే ఆరుగురు. శ్రీకాకుళం యాస ఒకటి వినపడుతోంది, మూలన ఇద్దరు ఒడియాలో మాట్లాడుకుంటున్నారు.

"రా అబ్బయా, కూర్చో. ఏం చదివినావు?"

"డిప్లొమా మెకానికల్ అన్నా."

"సూపర్. రేపే జాయినింగ్. ఫారం 300, మెడికల్ 700, యూనిఫారం, షూకి 1,500. మొత్తం 2,500. ఇప్పుడు వెయ్యి కట్టు, మిగతాది జీతంలో పట్టుకుంటాం."

"ఏ కంపెనీ అన్నా?"

"పేరెందుకబ్బా, అన్నీ ఎంఎన్‌సీలే. నీ ప్రొఫైల్‌కి ఏది కుదిరితే దాంట్లో వేస్తాం."

"జీతం ఎంతన్నా?"

"బయట చూసినావు గదా, 19,000. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చినావా? టెన్త్‌ది ఒకటి ఈడ పెట్టిపో. మధ్యలో మానేసి పోతా ఉండారు పిలకాయలు, అందుకని."

మాటతీరు చూడు, ఎక్కడా కటువుగా లేదు. వెంటనే కట్టమని గదమాయించడమూ లేదు. కుర్చీలో ఉన్న శ్రీకాకుళం కుర్రాడు మాత్రం ఫోన్‌పే చేసేశాడు. రసీదు అడిగితే చిన్న తెల్లకాగితం మీద "1,000 ముట్టినది" అని రాసి ఇచ్చారు. ఎవరికి ముట్టిందో, దేనికి ముట్టిందో అందులో లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. కన్సల్టెన్సీ బోర్డు పెట్టిన ప్రతివాడూ దొంగ కాదు. పారిశ్రామికవాడ నడిచేదే లేబర్ కాంట్రాక్టర్ల మీద. కంపెనీకి రెండొందల మంది కావాలంటే వాళ్లే తెచ్చి పెడతారు, తలకింత అని కంపెనీ దగ్గరే కమీషన్ తీసుకుంటారు. పద్ధతిగా నడిపేవాళ్లు లైసెన్సు పెట్టుకుంటారు, నెలనెలా పీఎఫ్ కడతారు. తేడా ఒక్కచోటే తెలుస్తుంది. నిన్ను తీసుకుపోయినందుకు కంపెనీ దగ్గర డబ్బు పుచ్చుకునేవాడు నీ దగ్గర కూడా పుచ్చుకుంటే, వాడికి నీ ఉద్యోగం నిలవకపోతేనే లాభం. నువ్వు పోతే ఇంకొకడు 2,500 పట్టుకుని ఆ మెట్లెక్కుతాడు.

"డబ్బులు తెచ్చుకుని వస్తానన్నా" అని లేస్తావు. ఫైలు చంకలోనే ఉందో లేదో చూసుకో.

రోడ్డు దాటితే టీకొట్టు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు బెంచీ మీద కళ్లు మూతలు పడుతూ బన్ను తింటున్నారు. పచ్చతాడు ఐడీ కార్డున్న ఒకామె నీ ఫైలు చూసి తనే పలకరిస్తుంది.

"పని కోసమా తమ్ముడూ? ఆ మేడమీదికి పోయినావా?"

"అవునక్కా. 19,000 అన్నారు."

ఆమె నవ్వదు. బ్యాగులోంచి ఫోన్ తీసి, స్క్రీన్ మీద పేస్లిప్ తెరిచి నీ చేతికిస్తుంది. "జీతం సంగతి తర్వాత. పైన పేరు చూడు."

ఆమె పనిచేసే ఫ్యాక్టరీ పేరు రాష్ట్రమంతా తెలుసు. పేస్లిప్ మీద ఆ పేరు లేదు. ఏదో ఎంటర్‌ప్రైజెస్, గుమ్మిడిపూండి అడ్రసు. "మాకు జీతం వీళ్లేస్తారు. నీలం తాడోళ్లు కంపెనీ రోలు. మాది పచ్చ, కాంట్రాక్టు. నారింజ వాళ్లు ట్రైనీలు. లైను ఒకటే, మిషను ఒకటే, పక్కపక్కనే నిలబడతాం. ఆ తాడును బట్టే జీతం, సెలవు, బోనసు. నేను చేరినప్పుడు ఎవురూ చెప్పలా."

ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన ఎవరైనా మొదట అడగాల్సింది ఇదే. ఏ కంపెనీ అని అడిగితే సరిపోదు, ఎందుకంటే కంపెనీ పేరు నిజమే చెప్పి, నువ్వు ఎవరి మనిషివో చెప్పకుండా దాటేయొచ్చు. "పేస్లిప్ మీద ఎవరి పేరు ఉంటుంది? పీఎఫ్ ఎవరు కడతారు?" ఈ రెండు ప్రశ్నలకు పేరుతో జవాబిచ్చేవాడితో మిగతావన్నీ మాట్లాడొచ్చు. జవాబు దాటవేసేవాడు 19,000 అన్నా 29,000 అన్నా ఒకటే.

ఇప్పుడు ఆ 19,000 సంగతి. టీగ్లాసు పక్కన పెట్టి, కొట్టులో దొరికిన కాగితమ్ముక్క వెనక ఒక మచ్చు లెక్క వేద్దాం. అంకెలు కంపెనీకో రకంగా మారతాయి, లెక్క కట్టే తీరు మాత్రం మారదు. బేసిక్, డీఏ కలిపి 11,000. ఇతర అలవెన్సులు 1,500. అసలు జీతం ఇదే, 12,500. దీనికి యజమాని కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,320 కలిపారు. యజమాని వాటా ఈఎస్ఐ 3.25 శాతం, సుమారు 406, అదీ కలిపారు. ఒక్కరోజు కూడా నాగా పెట్టకపోతే ఇచ్చే హాజరు బోనసు 1,000. అయింది 15,226. పోస్టర్ మీద 15,000 ఎక్కడి నుంచి వచ్చిందో చూశావా? మిగిలిన 3,774 ఓటీ. డ్యూటీ అయ్యాక కూడా రోజూ ఆగిపోతే వచ్చే డబ్బు. మొత్తం 19,000.

ఇక చేతికొచ్చేది. 12,500లో నీ వాటా పీఎఫ్ 1,320 పోయింది, ఈఎస్ఐ 0.75 శాతం, 94 రూపాయలు పోయింది. మిగిలింది 11,086. "ఫ్రీ రూమ్" అన్నది కాస్తా ఆరుగురుండే గదికి నెలకు 1,500 కటింగ్‌గా మారితే 9,586. పోస్టరులో రాసిన దాంట్లో ఇది సగం.

"ఓటీకి డబల్ ఇస్తారా అక్కా?"

"చట్టంలో డబలే ఉండాదంట. మా పాత మేస్త్రీ సింగిలే వేసేవాడు, అడిగితే రేపట్నుంచి రావద్దనేవాడు."

ఆమె చెప్పింది నిజం. ఫ్యాక్టరీల చట్టం 1948 నాటి నుంచీ ఓటీకి రెట్టింపు రేటే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ రెట్టింపు అలాగే ఉంది. ఆ కోడ్‌లే నియామక పత్రాన్ని కార్మికులందరికీ తప్పనిసరి చేశాయి. కాబట్టి "లెటర్ మూడు నెలల తర్వాత ఇస్తాం" అన్న మాట వినపడితే, మూడు నెలల తర్వాత నువ్వు అక్కడ ఉంటావని వాళ్లే నమ్మడం లేదని అర్థం.

పాత మేస్త్రీ దగ్గర ఆమెకు ఇంకో దెబ్బ తగిలింది. పేస్లిప్‌లో నెలనెలా పీఎఫ్ కట్ అయ్యేది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూస్తే నెలలకు నెలలు ఖాళీ. "యూఏఎన్ నంబరు ఇవ్వమంటే ఇయ్యాల రేపు అని తిప్పినాడు. ఇప్పుడు కొత్త కాంట్రాక్టర్ దగ్గర జాయినైన నెలే నంబరు తీసుకున్నా. నెల తిరగ్గానే పాస్‌బుక్ చూసుకుంటా." ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, రోజూ చేసే పని గురించి చెబుతున్నట్టే ఉంది.

నీ డిప్లొమా సంగతి ఎత్తితే నారింజ తాడు గురించి కూడా చెబుతుంది. "నిన్ను ట్రైనీ అంటారు చూస్కో. అదీ అప్రెంటిసో, ఉత్త పేరుకి ట్రైనీనో అడుగు." ఇది చాలామందికి తెలియని మెలిక. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే కాంట్రాక్టు రాసుకుంటారు, దాన్ని పోర్టల్‌లో నమోదు చేస్తారు, స్టైపెండ్ ఇస్తారు, ఏడాది చివర సర్టిఫికెట్ ఇస్తారు. అప్రెంటిస్ కార్మికుడి కింద లెక్కకు రాడు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చితీరాలన్న నిబంధనా లేదు. కొత్తగా డిప్లొమా చేసినవాడికి ఇది మంచి మెట్టే, నన్నడిగితే కన్సల్టెన్సీ ఉద్యోగం కంటే మేలు. కానీ ప్రకటనలో "పర్మనెంట్" అని వేసి ఇక్కడికొచ్చాక అప్రెంటిస్ కాగితం ముందు పెడితే అది మోసమే. ఇంకా దారుణం, ఆ చట్టం కింద నమోదు చేయకుండానే "ట్రైనీ" అని పిలిచి పీఎఫ్, ఈఎస్ఐ ఎగ్గొట్టడం. అక్కడ నువ్వు అప్రెంటిస్‌వీ కాదు, కార్మికుడివీ కాదు.

బెంచీ చివర కూర్చున్న పెద్దాయన ఇంతసేపూ వింటున్నాడు. ఇప్పుడు కలగజేసుకుంటాడు. సూళ్లూరుపేట మనిషి. "ఈ ఫ్యాక్టరీలు ఏంది అబ్బయా, షార్‌లో వేయించే మనిషి ఉండాడు నాకు తెలిసి. రాతపరీక్ష నువ్వు రాసేయ్, ఇంటర్వ్యూ ఆయన చూసుకుంటాడు. నాలుగు లక్షలు. పర్మనెంటు."

షార్ ఉన్న శ్రీహరికోట ఇక్కడికి దగ్గర. రాకెట్ లేచినప్పుడు తడలో మిద్దెలెక్కి చూస్తారు. అంత దగ్గర కాబట్టే ఈ మాట అతుకుతుంది, లోపల ఎవరో మనవాళ్లు ఉన్నారంటే నమ్మబుద్ధవుతుంది. పెద్దాయన మోసగాడేం కాదు పాపం, ఎవరో చెప్పింది చెబుతున్నాడు. కానీ 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి పోస్టులకు, అంటే గ్రూప్ సీ, గెజిటెడ్ కాని గ్రూప్ బీ ఉద్యోగాలకు, ఇంటర్వ్యూలే ఎత్తేశారు. టెక్నీషియన్ పోస్టుకి రాతపరీక్ష మార్కులే మెరిట్, స్కిల్ టెస్టు గట్టెక్కితే చాలు. లేని ఇంటర్వ్యూని "చూసుకోవడానికి" నాలుగు లక్షలు! నోటిఫికేషన్ వచ్చిందో లేదో ఇస్రో వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంతలో నీ ఫోన్ మోగుతుంది. పొద్దున ఆ నంబరుకి కాల్ చేశావు గదా, అప్పుడే నీ నంబరు ఎన్ని చేతులు మారిందో. వాట్సాప్‌లో ఎవరో అమ్మాయి ఫోటోతో సందేశం: ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకులు కొడితే రోజుకు మూడువేలు. దాన్ని తెరవకు. మొదట రెండొందలు నిజంగానే ఖాతాలో వేస్తారు, తర్వాత "టాస్క్" కోసం నీ చేత వేయించుకుంటారు. పోయిన సొమ్ము వెనక్కి రావాలంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ అది ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది.

రెండో సందేశం ఇంకా నున్నగా ఉంటుంది. సింగపూర్, డేటా ఎంట్రీ, డిగ్రీ లేకపోయినా పర్లేదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు సరిగ్గా ఈ వాక్యంతోనే మొదలైంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని లక్షన్నర దాకా కట్టించుకుని, ఉత్తరాంధ్ర కుర్రాళ్లను బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కున్నారు. కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, మన దేశంలోని మనుషులకే ఫోన్లు చేసి మోసం చేసే పని అప్పగించారు. కాదన్నవాళ్లను కొట్టారు, తిండి పెట్టలేదు. ఆ నెల 20న సిహానౌక్‌విల్‌లో వందలమంది భారతీయులు ఎదురుతిరిగి రోడ్డెక్కారు. నీ ఫోన్‌లోకి వచ్చిన లైకుల సందేశం పంపింది కూడా అలాంటి గదిలో కూర్చున్న మన తెలుగువాడే కావచ్చు.

విదేశమైనా అడగాల్సింది అదే, పేరు. మనుషుల్ని బయటి దేశాల్లో ఉద్యోగాలకు పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. వాళ్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. వసూలు చేయగలిగింది 30,000, దానిమీద జీఎస్టీ. అంతకు పైన అడిగేవాడిని "మీ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి" అని అడిగి చూడు.

టీ డబ్బులిచ్చి లేస్తావు. పచ్చతాడు అక్క తన పేస్లిప్ మీద కంపెనీ పేరు లేకపోయినా ఫ్యాక్టరీ గేటు ఎక్కడుందో చెబుతుంది. "అక్కడికి డైరెక్టుగా పో. పొద్దున పదింటికి హెచ్ఆర్ పిల్లోడు బయటికొస్తాడు. పోతా పోతా ఆ మేడమీది నంబరుకి ఒక ఫోన్ కొట్టు, ఏమంటారో చూద్దాం."

షేర్ ఆటోలో ఎనిమిదిమంది. మధ్యలో ఇరుక్కుని కూర్చుని ఫోన్ చేస్తావు.

"అన్నా, పొద్దున వచ్చిపోయినా. పేస్లిప్ ఎవరి పేరు మీద వస్తుందన్నా?"

"ఏంది?"

"పేస్లిప్, పీఎఫ్. ఎవరు కడతారని."

"నీకు పని కావాల్నా, పీఎఫ్ కావాల్నా? ఇంత లాయర్ పాయింట్లు మాట్లాడేవాళ్లకి మా దగ్గర ఖాళీల్లేవు." కట్.

ఆటోలో పక్కనున్నవాడు నవ్వుతాడు. వాడూ పోయిన నెల ఆ మెట్లెక్కినవాడే. 2,500 కట్టాడు, వారం రోజులు వేర్‌హౌస్‌లో పెట్టెలు మోశాడు, ఎనిమిదో రోజు గేటు దగ్గర "నీ పేరు లిస్టులో లేదు" అన్నారు. డబ్బు అడగడానికి వెళ్తే, ఆ సంగతి గుమ్మిడిపూండి ఆఫీసులో అడుక్కోమన్నారు. తమిళనాడు కదా, ఇక్కడి పోలీసులు తీసుకోరని వదిలేశాడు. అలా వదిలేయనక్కర్లేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టాల ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఉద్యోగం పేరుతో డబ్బు గుంజడం పాత 420 సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, స్తంభం మీది కాగితం ఫోటో, ఆ తెల్లకాగితం రసీదు, మూడూ దాచుకుని ఉంటే కేసు నిలబడుతుంది. ఫోటో తీసుకోమని చెబితే వాడు తల గోక్కుంటాడు. స్తంభం మీది కాగితం మీద ఇప్పటికి ఇంకో కాగితం పడింది.

గేటు దగ్గర నీలాంటివాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. చెట్టు లేదు, సెక్యూరిటీ గది నీడే నీడ. గోడకు తెలుగులో, తమిళంలో, హిందీలో బోర్డు: ఉద్యోగం పేరుతో ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. ఇలాంటి బోర్డు పెట్టారంటే, దాని వెనక ఎంతమంది ఏడ్చుకుంటూ ఈ గేటు దాకా వచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు. దొంగ ఆఫర్ లెటర్లు పట్టుకుని ఏసీ బస్సులో వచ్చి గేటు దగ్గర దిగేవాళ్లు నెలకు ఒకరిద్దరైనా ఉంటారని సెక్యూరిటీ ఆయన చెబుతాడు. లెటర్ మీద లోగో ఉంటుంది, స్టాంపు ఉంటుంది, సంతకం ఉంటుంది. ఈ-మెయిల్ మాత్రం జీమెయిల్.

హెచ్ఆర్ కుర్రాడు పదిన్నరకి వస్తాడు, నీకంటే రెండేళ్లు పెద్దవాడేమో. మొహంలో నవ్వు లేదు, కాళ్లు ఎండలో ఉన్నాయి. అయినా మేడమీది నవ్వుకంటే ఇది నయం.

"డిప్లొమా వాళ్లు ఇటు రండి. బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా?"

"లేవు సార్."

"ఇప్పుడు కంపెనీ రోల్ ఖాళీలు లేవు. డిప్లొమా అప్రెంటిస్ ఉంది, ఏడాది. స్టైపెండ్ ఇది." కాగితం చూపిస్తాడు. 19,000 కంటే చాలా తక్కువ. "బస్సు ఉంది, క్యాంటీన్ సబ్సిడీ ఉంది. రూమ్ మీదే."

"ఏడాది తర్వాత సార్?"

"గ్యారంటీ లేదు. బాగా చేసినవాళ్లని ఖాళీని బట్టి తీసుకుంటాం. అందర్నీ తీసుకోం."

పొద్దున్నుంచీ నువ్వు విన్న మాటల్లో "గ్యారంటీ లేదు" అని చెప్పింది ఇతనొక్కడే. నీకు నచ్చకపోవచ్చు. మంగళవారం సూళ్లూరుపేట డిగ్రీ కాలేజీలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ల జాబ్ మేళా ఉందని పక్కవాళ్లు అనుకుంటున్నారు, దానికీ పోవచ్చు, ప్రవేశం ఉచితం. అక్కడ కూడా టేబుల్ వెనక కూర్చున్నది కంపెనీయా, కాంట్రాక్టరా అని అడగాల్సిందే. ప్రభుత్వ బ్యానరు కింద కూర్చున్నంత మాత్రాన పేస్లిప్ మీది పేరు మారదు.

"సార్, అప్రెంటిస్ కాంట్రాక్టు పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తారా?"

అతను మొదటిసారి తలెత్తి నీ మొహం చూస్తాడు. "చేస్తాం. నాట్స్ పోర్టల్‌లో మీ స్టూడెంట్ రిజిస్ట్రేషన్ అయిందా?"

"లేదు సార్."

"ఇవాళే చేయండి, ఫోన్‌లోనే అవుతుంది. ఆ నంబరు, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్, రెండు ఫోటోలు తీసుకుని గురువారం రండి. ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం."

"డబ్బులేమన్నా కట్టాల్నా సార్?"

అతను పెన్నుతో గోడమీది బోర్డు చూపించి, వెనకవాణ్ని పిలుస్తాడు. "నెక్స్ట్."